రంగు రాయని రోజు

పద్దెనిమిదో తేదీ, గురువారం. ఉదయం నుంచి మబ్బు, గాలి లేదు. నీళ్లు చల్లబరిచే యంత్రం జల్లెడ విప్పి, కడిగి, బిగించాను.

అందరూ మన్నించాలి. నాకు ఏ పేజీ అయినా ఇలాగే మొదలవుతుంది. తేదీ, వాతావరణం, చేసిన పని. ఇరవై రెండేళ్లుగా చేతికి ఇదే అలవాటు. మాట్లాడమని మేనేజరుగారు నిన్న చెప్పినప్పుడు కాగితం కోసం వెతికితే ఈ చిట్టా పుస్తకమే చేతికొచ్చింది. చెప్పాల్సిందంతా ఈ రోజు పేజీల్లోనే రాసుకున్నాను. తల ఎత్తకుండా చదువుతుంటే ఏమీ అనుకోకండి. ఎత్తితే ఆగిపోతాను.

సార్ ఇల్లాలు అక్కయ్యగారూ, మేనేజరుగారూ, సాన మావయ్యా, నాతో పనిచేసేవాళ్లూ, సార్ ఇంటి చుట్టుపక్కల నుంచి వచ్చినవాళ్లూ, మీ అందరికీ నమస్కారం. క్యాంటీన్ బల్లలన్నీ గోడకు జరిపి కుర్చీలు వేశాం. అయినా చాల్లేదు. వెనక నిలబడ్డవాళ్లే నలభై మంది ఉంటారు. సార్ ఉండి ఇంతమందిని ఒక్కచోట చూస్తే, కింద ఏదో ప్రమాదం జరిగిందనుకుని ముందు గ్యాసు కట్టెయ్యడానికి పరిగెత్తేవారు.

ఆయన లేరు. ఏడో తేదీ ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి పడుకున్నారు. లేవలేదు. ఈ సంగతి చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి మాటలు రావు.

నేను ఆయన్ని పొగడటానికి లేవలేదు. పొగడగలిగినవాళ్లు నా తర్వాత మాట్లాడవచ్చు. నేను ఒక తప్పు ఒప్పుకోవడానికి లేచాను. తొమ్మిదేళ్ల కిందట ఒక రోజు నా పద్దు నేను పూర్తి చెయ్యలేదు. ఒక గడి ఖాళీ వదిలేశాను. ఆ ఖాళీ వల్ల ఆయన పేరు తొమ్మిదేళ్లు నలిగింది. లేని రాయిని ఉందన్నాడని జనం ఆయన వెనకాల నవ్వుకున్నారు. అది ఉన్న రాయే. ఈ మాట ఇవాళ ఇక్కడ చెప్పకపోతే ఇంకెప్పటికీ చెప్పను. నా సంగతి నాకు తెలుసు.

అయితే, చెప్పాలని పెన్ను పట్టుకుని కూర్చున్నాక నాకే అయోమయంగా ఉంది. తప్పు నాదే, అందులో సందేహం లేదు. ఆయన చేసినదే నాకు అర్థం కావడం లేదు. మొదటి నుంచి చెప్తాను. మీకు అర్థమైతే తర్వాత నాకు చెప్పండి.

సార్ ఏం పని చేసేవారో ఇంటి పక్కవాళ్లకు తెలిసి ఉండదు. అడిగితే "రాళ్లు పెంచుతాను" అనేవారట. అది నిజమే. కింద గదిలో వంటగిన్నెంత ఉక్కు పాత్ర ఉంది. అందులో గాలి మొత్తం తోడేసి, హైడ్రోజన్ నింపి, దాంట్లో కాస్త మీథేన్ కలుపుతాం. వంటింట్లో పెట్టుకునే మైక్రోవేవ్ ఉంటుంది కదా, అలాంటిదే, చాలా బలమైనది, దాన్ని వదులుతాం. గ్యాసు వెలుగుతుంది. మంట కాదు. గుండ్రంగా, నారింజపండంత వెలుగు గాల్లో నిలబడుతుంది. శాస్త్రంలో దాన్ని ప్లాస్మా అంటారు. మేం బంతి అంటాం. బంతి కింద గోరంత వజ్రపు పలక పెడతాం. దాన్ని గింజ అంటాం. బంతి వేడికి మీథేన్‌లోని బొగ్గు విడిపోయి గింజ మీద పొరలు పొరలుగా దిగుతుంది. అదీ వజ్రమే. గంటకు ఎంత పెరుగుతుందనుకున్నారు? వెంట్రుక మందంలో పదో వంతు. ఒక విడతకు పన్నెండు రోజులు. పన్నెండు రోజులూ బంతి ఆరకూడదు. ఆరితే గింజ పగులుతుంది.

ఆ బంతి దగ్గర ముప్పై ఏళ్లు కూర్చున్నారు కాబట్టే ఆయన్ని బంతి సార్ అన్నారు. ఆయన లావుగా ఉండేవారని కాదు. కొత్తవాళ్లు అలాగే అనుకునేవారు, ఆయన దిద్దేవారు కాదు.

నేను ఇక్కడికి వచ్చింది ఫ్రిజ్‌లు బాగుచేసేవాడిగా. చదువు ఎనిమిదో తరగతి. మిగిలిందంతా పాత యంత్రాలు విప్పి నేర్చుకున్నదే. ఆ రోజు నీళ్లు చల్లబరిచే యంత్రం చెడిపోయిందని పిలిచారు. నా పని అరగంటలో అయిపోయింది. పక్కన ఈయనా, ఇంకో ముగ్గురు పెద్ద చదువుల వాళ్లూ ఉక్కు పాత్ర చుట్టూ చేరి, గాలి ఎక్కడి నుంచి కారుతోందో దొరక్క తల పట్టుకుని ఉన్నారు. నేను మాట్లాడే మనిషిని కాదు. నా సంచీలోంచి దూది తీసి, స్పిరిట్‌లో ముంచి, అతుకు అతుకుకీ అద్దుకుంటూ పోయాను. మూడో అతుకు దగ్గర గేజీ ముల్లు ఎగిరింది. వేలు పెట్టి చూపించాను, సంచీ సర్దుకున్నాను. గుమ్మం దాకా వచ్చాక వెనక నుంచి సార్ గొంతు. "ఏమయ్యా, నువ్వు మాట్లాడవా, లేక మాతో మాట్లాడవా?"

మర్నాటి నుంచి ఇక్కడే. మొదటి రోజు ఒక లావుపాటి పుస్తకం చేతికిచ్చారు. "చూసింది రాసెయ్. అనుకుంది రాయకు." నాకు అందిన పాఠం అంతే. అప్పట్నుంచి పీడనం ఎంత, వేడి ఎంత, గ్యాసు ఎంత, ఏం తుడిచాను, ఏం మార్చాను, అన్నీ రాస్తున్నాను. అందుకే నా పేరు చిట్టా అయింది. అసలు పేరుతో పిలిస్తే ఇప్పుడు నేనే పలకను.

ఆ పుస్తకంలో చివరి గడి, బంతి రంగు. మిగతా గడులకు గేజీలున్నాయి. రంగుకు అప్పట్లో కళ్లే గేజీ. గ్యాసులో ఏ చిన్న తేడా వచ్చినా గేజీల కన్నా ముందు బంతి రంగు మారుతుంది. రోజూ ఉదయం సార్ వచ్చి, చిన్న కిటికీ అద్దంలోంచి చాలాసేపు చూసి, నా వైపు తిరిగి "ఏం రంగు?" అనేవారు. నాకు పెద్ద పెద్ద రంగుల పేర్లు తెలియవు. ఉల్లిపాయ పైపొర అనేవాణ్ని. పచ్చి బఠానీ నీళ్లు అనేవాణ్ని. ముల్లంగి తోక దగ్గరి గులాబీ అనేవాణ్ని. "ఇది ప్రయోగశాలా, కూరగాయల కొట్టా?" అని నవ్వేవారు. నవ్వినా, నేను చెప్పిన మాటే, నేను చెప్పినట్టే, ఆయన తన కాగితంలో రాసుకునేవారు. ఒక్కసారీ మార్చలేదు. అంత చదువుకున్న మనిషి ముల్లంగి తోక అని రాసుకోవడం చూసి, నన్ను సంతోషపెట్టడానికే రాస్తున్నారనుకునేవాణ్ని.

ఇంకొకటి చెప్పాలి. చేరిన కొత్తలో ఒక మధ్యాహ్నం వేడి నలభై డిగ్రీలు పడిపోయింది. నేను వెంటనే చూసుకోలేదు. చూసి సర్దబోయేసరికి మళ్లీ ఎక్కింది. భయపడి, పడలేదన్నట్టు పాత అంకెనే రాసేశాను. విడత అయ్యాక రాయి కోసి చూస్తే లోపల ఒక గీత. ఎక్కడ వేడి పడిపోయిందో రాయే చూపించింది. సార్ నన్ను తిట్టలేదు. కుర్చీ లాగి పక్కన కూర్చోబెట్టుకున్నారు. "నన్ను సంతోషపెట్టే అంకె నాకొద్దయ్యా. తప్పు జరిగితే తప్పే రాసెయ్. రాయడానికి చెయ్యి రాకపోతే ఖాళీ వదిలెయ్. ఖాళీని నేను నమ్ముతాను."

ఖాళీని నేను నమ్ముతాను. ఈ మాట గుర్తుంచుకోండి. నేను మర్చిపోయాను, అదే వచ్చిన చిక్కు.

ఇప్పుడు తొమ్మిదేళ్ల కిందటి సంగతి. సార్ నాలుగు రోజులు ఊళ్లో లేరు. కొత్త విడత మొదలుపెట్టాలి. మొట్టమొదటిసారి పాత్ర తలుపు ఒంటరిగా మూసే పని నాకు అప్పజెప్పి వెళ్లారు. తలుపుకూ పాత్రకూ మధ్య ఒక రబ్బరు రింగు ఉంటుంది. మూసేముందు దాన్ని గుడ్డతో తుడవాలి, భూతద్దం పెట్టి చుట్టూ చూడాలి. నేను తుడిచాను. చూశాను. చూశాననే అనుకుంటున్నాను. తలుపు బిగించి, గాలి తోడి, గ్యాసు వదిలి, బంతి వెలిగించాను. పెన్ను తీశాను. తేదీ రాశాను. ఎండగా ఉందని రాశాను. రింగు తుడిచానని రాశాను. అంకెలన్నీ రాశాను. చివరి గడికి వచ్చి, బంతి రంగు, అని కిటికీలోంచి చూశాను.

ఉల్లిపొర కాదు. బఠానీ నీళ్లు కాదు. అందులో ఊదా కలిసింది. ఊదా కలిసిందంటే లోపలికి బయటి గాలి చేరుతోందన్నమాట. గేజీలు చూశాను. అన్నీ మామూలే. అంత సన్నటి లీకు మా గేజీలకు అందదు. బంతికే అందింది.

గాలి కారే చోటు కనిపెట్టి ఉద్యోగం సంపాదించుకున్నవాణ్ని నేను. నా చేత్తో నేను మూసిన తలుపే కారింది. ఆపేద్దామంటే గింజ పగులుతుంది. ఆపకుండా రాద్దామంటే చెయ్యి రాలేదు. ఆ గడి అలాగే వదిలేశాను.

మర్నాడు ఏం రాశానో తెలుసా? "నిన్నటిలాగే." ఆ మర్నాడూ, నిన్నటిలాగే. పదకొండు రోజులు నిన్నటిలాగే అని రాశాను. ఒక్కటీ అబద్ధం కాదు. మొదటి రోజు గడి ఖాళీ, మిగతా పదకొండూ ఆ ఖాళీకి వేలాడుతున్నాయి. ఇలాంటి తెలివి నాకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. అయిదో రోజు సార్ వచ్చారు. పుస్తకం తిరగేశారు. కిటికీలోంచి చూశారు. ఎప్పటిలా నా వైపు తిరిగి ఏం రంగని అడిగారు. నిన్నటిలాగే సార్ అన్నాను. సరేనని వెళ్లిపోయారు.

విడత అయ్యాక తలుపు తీస్తే రింగు మీద ఒక దారం పోగు. తుడిచిన గుడ్డ నుంచి ఊడింది. రబ్బరు మీద అది ఆనినచోట సన్నటి గాడి పడింది. పోగు ఊదేశాను. రింగు చెత్తబుట్టలో వేసి కొత్తది తొడిగాను. రింగు మార్చినట్టు పుస్తకంలో రాయలేదు. ఇరవై రెండేళ్లలో పని చేసి రాయనిది అదొక్కటే.

ఇక ఆ రాయి. మామూలు కన్నా మందంగా పెరిగింది. పలుచటి టీ నీళ్ల రంగు. సాన పట్టడానికి పైఅంతస్తుకు పంపాం. మామూలుగా పూట పని. రెండో రోజు సాయంత్రం సాన మావయ్య తన ఇనుప చక్రం భుజాన పెట్టుకుని మెట్లు దిగి వచ్చాడు. మావయ్య ఇక్కడే ఉన్నాడు, కాదంటే చెప్పమనండి. చక్రానికి లోతుగా గాడి పడింది. రాయికి గీత కూడా పడలేదు. "ఏం పెంచార్రా ఇది? రాయినా, మా అత్తగారినా?" అన్నాడు.

గట్టిదనం కొలిచే యంత్రంలో వజ్రపు మొన ఉంటుంది. దాన్ని రాయి మీద నొక్కితే గుంట పడుతుంది. గుంట ఎంత చిన్నదైతే రాయి అంత గట్టిది. ఆ రాయి మీద నొక్కితే గుంట పడలేదు. మొన చితికింది. ఇంకో మొన పెట్టారు. అదీ చితికింది. సార్ స్టూలు మీద కూర్చుని, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, మళ్లీ తీశారు. అంత సంతోషం ఆయన మొహంలో అంతకుముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. అప్పుడు చెప్పవలసింది. సంతోషంగా ఉన్నారు కదా, ఇప్పుడెందుకు అనుకున్నాను. తర్వాత ఆయన బాధపడుతుంటే, బాధలో ఉన్నారు కదా, ఇప్పుడెందుకు అనుకున్నాను.

బయటి నుంచి ఇద్దరు పరీక్షకులు వచ్చారు. రాయి చిన్నది, పరీక్షల్లోనే సగం పోయింది. మిగిలిన ముక్క సరిపోదు, మళ్లీ చేసి చూపించమన్నారు. న్యాయమే. సార్ మళ్లీ చేశారు. మామూలు రాయి వచ్చింది. మళ్లీ చేశారు. నిన్న పుస్తకాలన్నీ ముందేసుకుని లెక్కపెట్టాను, ఈ తొమ్మిదేళ్లలో డెబ్బై నాలుగు విడతలు. ఆ రాయి రాలేదు. మొన చెడిపోయి ఉంటుందన్నారు. పొరపాటున కొలిచారన్నారు. ఇంకా పెద్ద మాటలూ అన్నారు, అక్కయ్యగారి ముందు అవి వద్దు. సభలకు పిలవడం మానేశారు. పొరపాటేనని ఒక ముక్క రాసిచ్చేస్తే గొడవ వదులుతుందని మేనేజరుగారు మంచిగానే చెప్పారు. సార్ సమాధానం నేను విన్నాను. "రాయి పుట్టింది కదండీ. పుట్టలేదని ఎలా రాయను?"

ఇక్కడే నా అయోమయం మొదలు.

ఆ విడతల్లో చాలావాటిలో సార్ ఒక సన్నటి గొట్టం పెట్టి కొంచెం నైట్రోజన్ వదిలేవారు. గాలిలో ఎక్కువ భాగం ఉండేది అదే. వదులుతూ, గ్యాసు తిప్పే మర మీద చెయ్యి ఉంచి, నా వైపు తిరిగి ఏం రంగని అడిగేవారు. నేను ఏదో కూరగాయ పేరు చెప్పేవాణ్ని. ఆయన కాస్త తిప్పేవారు. మళ్లీ అడిగేవారు. ఇది ఆయన సొంత ప్రయోగం, నా దారం పోగుతో దీనికి సంబంధం లేదని నాకు నేను చెప్పుకునేవాణ్ని. నమ్మానా? ఏమో. మనిషి తనకు కావలసినప్పుడు ఎంత మొద్దుగా ఉండగలడో నాకు బాగా తెలుసు.

నాలుగో ఏడాది ఒక ఉదయం, ఆయన అలా తిప్పుతుంటే, వచ్చింది. అదే ఊదా. "అదే సార్" అని నాలుక చివరి దాకా వచ్చింది. అదే అంటే, ఏది అని అడుగుతారు కదా. "మామూలే సార్" అన్నాను. ఆయన చెయ్యి మర మీద అలాగే ఉంది. చాలాసేపు ఉంది. తర్వాత మెల్లగా కట్టేశారు.

అది నిజంగా అదే రంగా? అప్పుడు అవుననిపించింది. ఇప్పుడు అడిగితే చెప్పలేను.

రంగును కొలిచే యంత్రం మాకు ఆ రాయి పుట్టిన అయిదేళ్లకు వచ్చింది. ఈ రోజు రంగు చెబుతుంది. ఆ రోజు రంగు చెప్పదు కదా.

పోయిన మంగళవారం అక్కయ్యగారు కబురు పెడితే ఇంటికి వెళ్లాను. సార్ బీరువాలో నా పేరు మీద ఏదో ఉందన్నారు. ఒక కవరు. పైన చిట్టా అని ఉంది. లోపల ఆ రబ్బరు రింగు. గాడితో సహా. నేను చెత్తబుట్టలో వేసిన రింగు. దానితో ఒక చిన్న చీటీ, సార్ చేతిరాత. మొదటి వరుస, తేదీ. ఆ తేదీయే. రెండో వరుస, రింగు మీద పోగు గుర్తు. మూడో వరుస, బంతి రంగు. దాని పక్కన ఏమీ లేదు.

చీటీని రెండు వైపులా తిప్పి తిప్పి చూశాను. అక్కయ్యగారు మంచినీళ్లిచ్చి, ఏమైందని అడిగారు. జరిగింది చెప్పాను. రంగు ఆయన కూడా చూశారు కదా, అయిదో రోజు నుంచి రోజూ కిటికీలోంచి చూశారు, మరి ఎందుకు రాసుకోలేదని అడిగాను. అప్పుడు ఆవిడ అన్న మాట ఆవిడ అనుమతితోనే ఇక్కడ చెబుతున్నాను. "మీ సార్‌కి ఆకుపచ్చా, గోధుమా, గులాబీ అన్నీ ఒక్కటే తమ్ముడూ. పుట్టుకతోనే అంత. ముప్పై ఏళ్లుగా చొక్కా కూడా నేనే తీసిస్తున్నాను."

పక్కింటివాళ్లకు ఈ మాట మామూలుగా వినిపించవచ్చు. ముందు వరుసలో మావాళ్ల మొహాలు చూడండి. ముప్పై ఏళ్లు బంతి రంగు మీద బతికిన మనిషికి ఆ రంగు తెలియదు. రోజూ కిటికీలోంచి అంతసేపు చూసింది ఏమిటి? ఉల్లిపొర అనీ, ముల్లంగి తోక అనీ నేను చెప్పిన ప్రతి మాటా ఒక్క అక్షరం మార్చకుండా ఎందుకు రాసుకున్నారో ఇప్పుడు తెలిసింది. నేను రాకముందు ఎవరి కళ్లతో చూశారో నాకు తెలియదు. నేను వచ్చాక, నా కళ్లే. ఆ ఒక్క రోజు ఆ కళ్లు మూసుకున్నాయి.

చెప్పండి, అప్పుడు ఆయన ఏం చెయ్యాలి? నన్ను పిలిచి, చిట్టా, ఆ రోజు రంగేమిటి, అని అడిగితే అయిపోయేది. రింగు ఆయన దగ్గరే ఉంది. గాలి చేరిందని ఆయనకు తెలుసు. ఎంత చేరిందో ఆ రంగొక్కటే చెబుతుంది. ఒక్క మాట అడగలేదు. తొమ్మిదేళ్లు అడగలేదు. డెబ్బై నాలుగు విడతలు చీకట్లో తడుముకున్నారు, పక్కనే నేను నిలబడి ఉండగా.

ఎందుకు?

మేనేజరుగారిని అడిగాను. కవరు సంగతి మర్చిపోయి ఉంటారన్నారు. సార్ మర్చిపోయే మనిషా? నా పెళ్లిరోజు నాకు గుర్తుచేసేది ఆయనే. అక్కయ్యగారిని అడిగాను. ఆయన ఎవర్నీ ఏదీ అడిగే మనిషి కాదని, కూరలో ఉప్పు లేకపోతే ఉప్పు లేకుండానే తినేసి లేచేవారని చెప్పారు. సాన మావయ్యను అడిగాను. "మీ ఇద్దరికీ నోళ్లు లేవురా. అందుకే అంత గట్టి రాయి పుట్టింది" అన్నాడు.

నేను మూడు రకాలుగా ఆలోచించాను. ఒకటి, నా మీద జాలి. అడిగితే నేను సిగ్గుతో ఉద్యోగం వదిలి పోతానని భయపడి ఉండవచ్చు. నిజమే, పోయేవాణ్ని. రెండు, కోపం. నువ్వు చెప్పేదాకా నేనడగను అన్న పంతం. అదీ ఉండవచ్చు, మనిషే కదా. మూడోది ఆ పాత మాట. అడిగితే వచ్చే జవాబు ఆయనకు అక్కర్లేదు. అడిగితే ఆయనకు ఏం కావాలో అదే చెబుతానని, పూర్వం ఒకసారి అలా చేసినవాణ్నే అని, అందుకే ఆగి ఉంటారు. ఖాళీని నమ్ముతానన్నారు కదా. తొమ్మిదేళ్లు ఆ ఖాళీని నమ్మి కూర్చున్నారా? ఖాళీని నమ్మారా, నన్ను నమ్మారా? ఇంతకీ ఆ చీటీలో మూడో వరుస ఎవరి కోసం వదిలారు?

ఒకరోజు ఒకటి నిజమనిపిస్తుంది. టీ తాగి వచ్చేసరికి ఇంకొకటి. నాకు తేలలేదు. తేలేదాకా ఆగి మాట్లాడదామంటే సభ ఇవాళే.

ఒక్కటి మాత్రం ఈ పుస్తకం సాక్షిగా చెబుతున్నాను. పరీక్షకులకూ ఉత్తరం రాసి పంపుతాను, మేనేజరుగారు సంతకం పెడతానన్నారు. ఆ రాయి నిజం. కొలత నిజం. మళ్లీ రాకపోవడానికి కారణం నేను. బంతి సార్ లేనిది ఉందనలేదు.

ఆరో తేదీ శనివారం, ఇంటికి వెళ్తూ ఆయన కిందికి వచ్చారు. కిటికీలోంచి చూశారు. "ఏం రంగు?" అన్నారు. ఉల్లిపొర సార్ అన్నాను. తల ఊపి, గొడుగు తీసుకుని వెళ్లిపోయారు. నాతో ఆయన ఆఖరి మాట అదే. ఆఖరి మాటగా అది చాలా చిన్నదని మొదట అనిపించింది. ఇప్పుడు అలా అనిపించడం లేదు.

ఇంక నా దగ్గర మిగిలింది ఈ రోజు పద్దు. మొదట సగమే చదివాను. మిగిలింది చదువుతాను.

జల్లెడ బిగించాక, కవరులోంచి పాత రింగు తీశాను. మేనేజరుగారు ఈ ఒక్క విడతకు ఒప్పుకున్నారు. గాడి ఉన్నచోటే, గుడ్డ నుంచి తీసిన పోగు ఒకటి పెట్టాను. రబ్బరు తొమ్మిదేళ్లకు గట్టిపడింది, అప్పటిలాగే కారుతుందో లేదో తెలియదు. తలుపు బిగించాను. ఉదయం పదకొండింటికి బంతి వెలిగింది. ఇప్పుడు మన కాళ్ల కింద గదిలో వెలుగుతూ ఉంది. రంగు కొలిచే యంత్రం కిటికీకి తగిలించలేదు. ముందు నేను చూసి రాయాలి, తర్వాత యంత్రం. సార్ అయితే అదే వరస పెట్టేవారు.

చూశాను. గంటసేపు చూశాను. అదేనా? కాదా? ఇన్నేళ్లలో ఆ రంగును మనసులో ఎన్నిసార్లు తీసి చూసుకున్నానో, చూసి చూసి దాన్ని అరగదీసేశానేమో. అనుకుంది రాయకూడదు. చూసింది రాయాలి. పెన్ను పట్టుకున్నాను.

అక్కయ్యగారూ, సభ అయ్యాక మీరు ఒకసారి కిందికి రండి. ముప్పై ఏళ్లు ఆయన నిలబడ్డ కిటికీ దగ్గర నిలబడండి. మావయ్యా, నువ్వూ రా. ఏం కనిపిస్తే అది, నన్ను అడగకుండా చెప్పండి.

దానికి ముందు ఒక పని ఉంది. అందరూ ఒకసారి లేచి నిలబడండి. వెనకవాళ్లు ఎలాగూ నిలబడే ఉన్నారు, గోడకు ఆనుకోకుండా నిలబడండి, చాలు. మైకు కట్టేస్తున్నాను. రెండు నిమిషాలు ఎవరమూ మాట్లాడవద్దు. కింద పంపు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తుంది. ఆయన రోజూ విన్నది అదే, మనమూ విందాం. నేనూ ఇక్కడే నిలబడతాను, ఈ పేజీ ఇలాగే తెరిచి ఉంచి.

పద్దెనిమిదో తేదీ. మబ్బు. పాత రింగు. పదకొండింటికి వెలిగింది. బంతి రంగు